యూ చెట్టును ఇంట్లో కుండీలో పెంచవచ్చా?



ఈ నెల పాఠం ఒక విద్యార్థి ప్రశ్నతో మొదలైంది. 'హ్యారీ పాటర్' పుస్తకాలు చదువుతున్న ఏడో తరగతి బాబు బ్రేక్‌లో నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, వోల్డెమార్ట్ మంత్రదండం యూ చెట్టు కర్రతో చేసిందంట. ఆ చెట్టును మన పాలకుర్తిలో కుండీలో పెంచొచ్చా? నాన్న ఆన్‌లైన్‌లో గింజలు తెప్పిస్తా అన్నారు" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తెలియలేదు. "రేపు చెప్తా" అన్నాను. ఆ రాత్రి చదివింది, మరుసటి రోజు క్లాసులో మాట్లాడుకున్నది, పోయిన ఏడాది నేను చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నది, మూడూ కలిపి మీకు రాస్తున్నాను. మీ ఇంట్లో డాబా ఉన్నా, రెండు అడుగుల బాల్కనీయే ఉన్నా ఈ పాఠం పనికొస్తుంది.

యూ చెట్టు కథ

యూ చలి ప్రాంతాల చెట్టు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకులు సూదుల్లా సన్నగా, ముదురు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. ఆడ చెట్టు, మగ చెట్టు సాధారణంగా వేరువేరు. ఆడ చెట్టుకు చిన్న ఎర్రటి కప్పులాంటి కాయలు కాస్తాయి. ఇది చాలా నెమ్మదిగా పెరిగి, చాలా కాలం బతుకుతుంది. స్కాట్లండ్‌లో ఫోర్టింగల్ అనే ఊరి చర్చి ఆవరణలో ఉన్న యూ యూరప్‌లోని అతి పాత చెట్లలో ఒకటి. దాని వయసు వేల ఏళ్లలో చెబుతారు. పూర్వం ఇంగ్లండ్ సైనికులు వాడిన పెద్ద విల్లులు ఎక్కువగా ఈ కర్రతోనే చేసేవారు.

మన దేశంలోనూ యూ ఉంది, కానీ హిమాలయాల్లో. దాదాపు 1,800 మీటర్ల నుంచి 3,300 మీటర్ల ఎత్తులో, దేవదారు, ఫర్ చెట్ల నీడన పెరుగుతుంది.

పిల్లలు క్లాసులో అన్నిటికంటే శ్రద్ధగా విన్నది దీని మందు కథ. 1962లో అమెరికాలో పసిఫిక్ యూ అనే రకం చెట్టు బెరడును పరీక్షల కోసం సేకరించారు. ఆ బెరడులో కాన్సర్ కణాలను అడ్డుకునే పదార్థం ఉందని మన్‌రో వాల్, మన్సుఖ్ వాణి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. 1971లో దాని నిర్మాణాన్ని ప్రచురించారు. ఇందులో మన్సుఖ్ వాణి మన పక్క రాష్ట్రం మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినవారు. ఆ మందు పేరు పాక్లిటాక్సెల్. 1992లో అమెరికాలో అండాశయ కాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఇప్పుడు రొమ్ము కాన్సర్‌కు కూడా వాడుతున్నారు.

ఒక చిక్కు ఉంది. బెరడు మొత్తం ఒలిస్తే చెట్టు చనిపోతుంది. నెమ్మదిగా పెరిగే చెట్టు కాబట్టి పోయిన దాని స్థానంలో ఇంకోటి రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అందుకే తర్వాత ఆకుల నుంచి ముడిపదార్థం తీసి మందు చేసే పద్ధతి కనుక్కున్నారు. ఆకులు కోస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. మన హిమాలయాల యూ కూడా విపరీతంగా కొట్టేయడం వల్ల ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్ల జాబితాలో ఉంది.

మన దగ్గర ఎందుకు బతకదు?

మొదటి కారణం ఎండ. మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. యూకు చల్లటి గాలి, చల్లటి నేల కావాలి. రెండో కారణం, దానికి నిజమైన చలికాలం కావాలి. యూ గింజ చలిని చూస్తేగానీ మొలకెత్తదు. చల్లటి దేశాల్లో కూడా మొలక రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. కాబట్టి ఆ గింజలు కొనకండి అని బాబుకు చెప్పాను.

బాబు ముఖం చిన్నబోయింది. అప్పుడు వాడికి ఇంకో మాట చెప్పాను. నర్సరీల్లో పోడోకార్పస్ అనే మొక్క దొరుకుతుంది. దానికి ఇంగ్లిష్‌లో 'జపనీస్ యూ' అనే పేరు కూడా ఉంది. నిజమైన యూ కాదు, దూరపు చుట్టం. ఆకులు యూ కంటే పొడవు, కానీ చూడటానికి ఆ పోలిక ఉంటుంది. కుండీలో పెరుగుతుంది, కత్తిరిస్తే చెప్పిన ఆకారానికి వస్తుంది. మన ఎండకు మధ్యాహ్నం నీడ ఇస్తే, నీళ్లు సరిగ్గా పోస్తే నిలబడుతుంది. దాని గింజలు, ఆకులు తినేవి కావు. పసిపిల్లలు ఉన్న ఇంట్లో అందనంత ఎత్తులో పెట్టండి.

కానీ మొదటిసారి చెట్టు పెంచే పిల్లలకు నేను సూచించేది వేరే మూడు: కరివేపాకు, నిమ్మ, దానిమ్మ. మూడూ మన ఎండకు అలవాటైనవి. మూడూ పెద్ద కుండీలో ఏళ్ల తరబడి ఉంటాయి. మూడూ వంటింటికి పనికొస్తాయి. మన రాష్ట్ర వృక్షం జమ్మి పెంచుదామని కొందరు పిల్లలు అడిగారు. మంచి ఆలోచనే, కానీ జమ్మి వేరు నీటి కోసం చాలా లోతుకు దిగే రకం. దాన్ని నేలలో నాటడమే న్యాయం. మొక్కలు కొనడానికి దూరం పోనక్కర్లేదు. హరితహారంలో పెట్టిన పంచాయతీ నర్సరీలో ఏమున్నాయో ముందు అడగండి.

కుండీ అంటే చిన్న నేల

పిల్లలకు మొదట అర్థం కావాల్సిన సంగతి ఇది. బండ చీలికలో మొలిచిన రావి మొక్కను మీరు చూసే ఉంటారు. దానికి ఎవరూ నీళ్లు పోయరు. దాని వేరు చీలిక వెంట తానే వెతుక్కుంటూ పోతుంది. కుండీలో ఉన్న చెట్టుకు ఆ దారి లేదు. వేరు ఎటు పోయినా గోడ తగులుతుంది. నీళ్లు, ఎరువు, నీడ, అన్నీ మనం ఇస్తేనే ఉంటాయి. ఎక్కువైతే తప్పించుకోలేదు, తక్కువైతే వెతుక్కోలేదు. కుండీలో చెట్టు పెట్టుకోవడం అంటే ఆ బాధ్యత ఒప్పుకోవడమే.

కుండీ: మొదట 12 అంగుళాల వెడల్పు ఉన్నది చాలు. రెండేళ్ల తర్వాత 16 నుంచి 18 అంగుళాల దానిలోకి మార్చాలి. చిన్న మొక్కను ఒకేసారి చాలా పెద్ద కుండీలో పెడితే తడి ఆరక వేరు కుళ్లుతుంది.

రంధ్రం: అడుగున రంధ్రం తప్పనిసరి. డ్రాయింగ్ రూమ్‌లో పెట్టే అందమైన పింగాణీ కుండీల్లో చాలావాటికి రంధ్రం ఉండదు. అవి మొక్కకు కుండీలు కావు, గిన్నెలు. రంధ్రం మీద ఒక పెంకుముక్క బోర్లించి పెడితే మట్టి జారదు, నీళ్లు పోతాయి.

మట్టి: రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. నల్లరేగడి ఒక్కటే వాడకండి. వానకు ముద్దవుతుంది, ఎండకు పగులుతుంది. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి.

నీళ్లు ఎప్పుడు పోయాలి?

"రోజూ ఒక గ్లాసు" అని చెప్పడం సులువు, కానీ అది తప్పు జవాబు. వానాకాలంలో రోజూ అక్కర్లేదు. మే నెలలో ఒకసారి పోస్తే సరిపోకపోవచ్చు. మట్టిని అడగాలి. వేలిని రెండు కణుపుల లోతు దింపి చూడమనండి. లోపల తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. పైపైన చల్లితే వేర్లు కూడా పైపైనే ఉండిపోతాయి. పొద్దున్నే పోయడం మంచిది. కింద పళ్లెం పెడితే అందులో నిలిచిన నీళ్లు పారబోయాలి. అది దోమలకు కూడా ఇల్లు.

నేను చేసిన తప్పు

పోయిన ఏడాది ఐదో తరగతికి ఒక ప్రాజెక్ట్ ఇచ్చాను. ప్రతి ఒక్కరూ ఒక మొక్కను మూడు నెలలు పెంచాలి, వారానికి ఒకసారి ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి, చివరి రోజు మొక్కను స్కూల్‌కు తేవాలి. పది మార్కులు. ఆ రోజు క్లాసు నిండా పచ్చటి మొక్కలు. ఒక పాప తెచ్చిన నిమ్మ మొక్క అన్నిటికంటే ఏపుగా ఉంది. పదికి పది ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాప మాత్రం నవ్వలేదు.

సాయంత్రం నోట్‌బుక్‌లు దిద్దుతుంటే పాప రాసిన అంకెలు చూశాను. ఆరో వారం 11 అంగుళాలు. ఏడో వారం 11. ఎనిమిదో వారం ఖాళీ. తొమ్మిదో వారం 19 అంగుళాలు. నిమ్మ మొక్క రెండు వారాల్లో ఎనిమిది అంగుళాలు పెరగదు. మర్నాడు పక్కకు పిలిచి మెల్లగా అడిగితే ఏడ్చేసింది. "అది నాది కాదు మేడమ్. నాది చచ్చిపోయింది. నేను నిద్రపోయాక నాన్న కొత్తది తెచ్చి పెట్టారు. పొద్దున లేచి చూస్తే ఆకులు వేరేలా ఉన్నాయి. నేనేం అడగలేదు" అంది.

ఆ నాన్నను నేను తప్పుపట్టడం లేదు. బిడ్డ ఏడుస్తుంటే ఏ తండ్రి చూస్తూ ఊరుకుంటాడు? పైగా మార్కులు పచ్చటి మొక్కకు పెట్టింది నేను. చచ్చిన మొక్కను స్కూల్‌కు ఎలా తేవాలో నేను చెప్పలేదు. పాప మాత్రం అబద్ధపు అంకె రాయలేదు. ఖాళీని ఖాళీగానే వదిలింది, 19ని 19గానే రాసింది. పది మార్కులు ఇవ్వాల్సింది దానికి.

తర్వాత ఆ కుండీని తెప్పించి చూశాం. అందమైన నీలం పింగాణీ కుండీ. అడుగున రంధ్రం లేదు. మొక్క మీద ప్రేమతో పాప పొద్దున ఒక బాటిల్, సాయంత్రం ఒక బాటిల్ నీళ్లు పోసేది. కొత్త మొక్కను కూడా అదే కుండీలో పెట్టారు. అప్పటికే దాని కింది ఆకులు పసుపు పడుతున్నాయి. నెల తిరక్కుండానే అదీ పోయింది. మొదటి మొక్క ఎందుకు పోయిందో తెలుసుకుని ఉంటే రెండోది బతికేది.

అందుకే మీకు నా ప్రధానమైన విన్నపం: మీ పిల్లల మొక్క చనిపోతే రాత్రికి రాత్రి కొత్తది తెచ్చి పెట్టకండి. ఇద్దరూ కలిసి పాతదాన్ని పరీక్షించండి. ఇలా:

1. కాండం మీద గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉంది. నీడలో పెట్టి రెండు మూడు వారాలు ఆగండి.

2. లోపల గోధుమ రంగులో ఎండిపోయి ఉంటే కుండీని పక్కకు వంచి మట్టిముద్దను మెల్లగా బయటికి తీయండి.

3. వేర్లు నల్లగా, మెత్తగా ఉండి కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా రంధ్రం మూసుకుపోయింది.

4. వేర్లు పుల్లల్లా పెళుసుగా విరిగితే నీళ్లు అందలేదు.

5. వేర్లు కుండీ ఆకారంలో చుట్టలు చుట్టుకుని, మట్టి దాదాపు కనిపించకపోతే కుండీ చిన్నదైంది.

6. కనిపించింది నోట్‌బుక్‌లో రాయించండి. ఆ తర్వాతే కొత్త మొక్క.

ఈ ఏడాది నుంచి నా క్లాసులో మార్కులు మొక్కకు కాదు, నోట్‌బుక్‌కు. కారణం రాసిన చచ్చిన మొక్కకు కూడా పదికి పది వస్తాయి. ఆ పాప ఇప్పుడు ఆరో తరగతి. మొన్న కారిడార్‌లో కనిపిస్తే మూడో మొక్క ఎలా ఉందని అడిగాను. "ఉంది మేడమ్. రెండు ఆకులు పసుపు పడ్డాయి. నోట్ చేశా" అంది.

ఎండాకాలం, సెలవులు

మన దగ్గర కుండీ మొక్కలు ఎక్కువగా పోయేది వేసవి సెలవుల్లోనే. పిల్లలు అమ్మమ్మ ఊరికి పోతారు, ఇంటికి తాళం పడుతుంది. డాబా మీద సిమెంటు వేడికి కుండీ అడుగు నుంచి కాలుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే మరీ. కాబట్టి మార్చి చివరికే ఈ పనులు చేసుకోండి. కుండీలను నేరుగా సిమెంటు మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి. కుండీ చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. మట్టిపైన రెండు అంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరవండి. పైన గ్రీన్ నెట్ కడితే ఇంకా మంచిది. ఎరువులు ఎండ తగ్గేదాకా వేయకండి.

ఊరికి వెళ్లేటప్పుడు కుండీలన్నీ ఒకచోట నీడలోకి చేర్చండి. పక్కింటి వాళ్లకు తాళం ఇచ్చి చెప్పే పని పిల్లలతోనే చేయించండి. "ఆంటీ, వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే పోయండి" అని మీ బాబు చెప్పడం కూడా పాఠంలో భాగమే. రెండు మూడు రోజులే అయితే పక్కన ఎత్తులో ఒక బకెట్ నీళ్లు పెట్టి, మందపాటి నూలు గుడ్డ పేలిక ఒక కొన నీళ్లలో, ఇంకో కొన మట్టిలో ఉంచండి. నీళ్లు గుడ్డ వెంట మెల్లగా దిగుతాయి. ఎందుకు దిగుతాయో సైన్స్ సార్‌ను అడిగి రమ్మనండి. ఊరికి పోయే ముందే ఒకసారి ఇలా చేసి చూడటం మరిచిపోకండి.

మృగశిర తర్వాత వానలు పడగానే కుండీ మార్చడానికి, కొత్త మొక్క పెట్టడానికి సరైన సమయం.

కత్తిరించడం

చెట్టును కత్తిరించాలంటే పిల్లలకు బాధ. కానీ కుండీలో చెట్టుకు కోత అవసరం. వేర్లకు చోటు తక్కువ కాబట్టి కొమ్మలు కూడా ఆ కొలతలోనే ఉండాలి. కరివేపాకు అడుగున్నర ఎత్తుకు రాగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆకు దూసుకోకుండా రెమ్మలతో సహా కోసుకుంటే చెట్టు గుబురవుతుంది. పూత వస్తే తుంచేస్తే ఆకు ఎక్కువ వస్తుంది. దానిమ్మకు మొదటి ఏడాది పూత ఉంచకండి. యూ చెట్టుకు పేరు తెచ్చింది కూడా ఈ గుణమే. గట్టిగా కత్తిరించినా పాత కొమ్మ నుంచి మళ్లీ చిగురిస్తుంది.

పురుగు కనిపించిందా? ఆగండి

నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది ఒకటి ఉంటుంది. ముట్టుకోకుండా దగ్గరగా చూడమనండి. అది సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు రెట్టలా ఉండి శత్రువులను మోసం చేస్తుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనుక నుంచి నాలుకలాంటి కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. మొక్క చిన్నదైతే ఒక్కదాన్ని ఉంచి మిగతావి పెద్ద చెట్టు మీదకు మార్చండి. ఆ ఒక్కటి కొన్ని ఆకులు తింటుంది. బదులుగా మీ పిల్లలు సైన్స్ పుస్తకంలోని జీవితచక్రం బొమ్మను బాల్కనీలో చూస్తారు.

ఒక హెచ్చరిక

యూ చెట్టులో కాయ చుట్టూ ఉండే ఎర్రటి గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. మన ఇళ్లలో అలాంటి మొక్కలు లేవనుకోకండి. గన్నేరు, పచ్చగన్నేరు రెండింట్లోనూ అన్ని భాగాలూ విషమే, పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. హాల్లో అందానికి పెట్టే డైఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు, గొంతు వాస్తాయి. ఏ మొక్కనైనా అడగకుండా నోట్లో పెట్టొద్దని చిన్నపిల్లలకు నేర్పండి. ఎప్పుడైనా తింటే బలవంతంగా వాంతి చేయించకండి. ఆ మొక్క రెమ్మ ఒకటి తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

ఈ నెల ఇంటి పని

మొదటి వారం: పిల్లలతో కలిసి ఇంట్లో ఉన్న ప్రతి కుండీని ఎత్తి చూడండి. ఎన్నింటికి రంధ్రం ఉంది, ఎన్నింటికి లేదు, లెక్క రాయించండి.

రెండో వారం: ఒక మొక్క ఎంచుకుని మట్టి కలిపి నాటండి. తేదీ, ఎత్తు, ఆకుల సంఖ్య రాయాలి.

మూడో వారం: రోజూ వేలు పెట్టి చూసి 'తడి' లేదా 'పొడి' అని ఒక్క మాట రాయాలి. పోసిన రోజు ఎన్ని మగ్గులో రాయాలి.

నాలుగో వారం: ఈ ఐదు ఇంగ్లిష్ మాటలతో తమ మొక్క గురించి ఐదు వాక్యాలు రాసి తేవాలి: ఎవర్‌గ్రీన్, డ్రైనేజ్, రూట్, ప్రూనింగ్, షేడ్.

రాత మీరు రాయకండి. అక్షరాలు వంకరగా ఉన్నా పర్వాలేదు. ఒక రోజు మరిచిపోతే ఆ గడి ఖాళీగానే ఉంచమనండి. ఖాళీ గడికి నేను మార్కులు తీయను.

యూ గురించి అడిగిన బాబు చివరికి కరివేపాకు పెట్టుకున్నాడు. కుండీ మీద మార్కర్‌తో 'యూ' అని పేరు రాశాడు. ఆ నోట్‌బుక్ కోసం నేను ఎదురుచూస్తున్నాను. మీ ఇంటి నోట్‌బుక్ కోసం కూడా.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్